ఎత్తలేని పేరు

పొద్దున్నే జంపక్క వచ్చేసరికి సుజన నీళ్ళు కాచి ఉంచేది. అడివి పక్క గూడెం నుంచి నడిచొచ్చే జంపక్క పెరట్లో పీట వేసుకుని, కాళ్ళు చాపి, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకునేది. నువ్వుల నూనె రాసి, సున్నిపిండితో రుద్ది, చెయ్యి అడ్డం పెట్టి నీళ్ళు పోసేది. సుజన చెంబు అందించేది. తువ్వాలు పట్టమంటే పట్టేది. ఏమీ చెప్పకపోతే అలాగే నిలబడి ఉండేది.

పాప పుట్టడానికి రెండు నెలల ముందు సుజన భర్త జయప్రకాశ్ పోయాడు. సత్తుపల్లి నుంచి బండి మీద వస్తుంటే బొగ్గు టిప్పర్ గుద్దింది. కబురు తెలిసినప్పుడు సుజన చపాతీ కాలుస్తోంది. స్టవ్ ఆపి, ఆ చపాతీ గిన్నెలో పెట్టి, మూత వేసి, అప్పుడు బయటికి వచ్చింది. ఆ రోజు నుంచీ అలాగే ఉంది. మనిషి ఏడవలేదని కొందరన్నారు. ఉద్యోగం చేసే ఆడపిల్ల గుండె అంతేనని కొందరన్నారు. ఆ మాటలన్నీ ఆమెకు పక్కింటి టీవీలోంచి వస్తున్నట్టుండేవి.

ఆమె ఉద్యోగం ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. కాన్పు సెలవు పెట్టి, జూలూరుపాడు దాటాక అడివి అంచునున్న అత్తగారి ఊళ్ళోనే ఉండిపోయింది.

బారసాల దగ్గర పడుతుంటే చెల్లెలు వనజ ఫోన్‌లో పేర్లు పంపింది. పింకీ, చెర్రీ, మిన్నీ, కుకీ. "నీకు ఏది నచ్చిందే అక్కా?" అనడిగితే సుజన "ఏదైనా సరే" అంది.

"కుక్కపిల్లకా పేరు పెట్టేది?" అన్నాడు మామగారు వెంకటప్పయ్య. "మా అమ్మ పేరు పెడతాను. సుబ్బరత్నం."

ఆ పేరు వినగానే అత్తగారు కోటేశ్వరమ్మ చేతిలోని జల్లెడ కింద పెట్టింది. సుబ్బరత్నమ్మ కృష్ణా జిల్లా నుంచి ఎడ్లబండిలో వచ్చి, తుప్పలు కొట్టించి, ఇప్పుడు పామాయిల్ తోట ఉన్న నేలంతా సాగులోకి తెచ్చిన మనిషి. ఆవిడ కూర్చున్న మంచాలకు కోళ్ళు విరిగి, ప్రతి ఏడూ కొత్తవి వేయించేవారట. పేరుకు బరువుంటుందని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. పంచాయతీ సెక్రటరీ వీరవెంకట సత్యనారాయణ గారు ఎక్కితే ఆటోవాళ్ళు ఆయన్ని సరిగ్గా మధ్యలో కూర్చోబెట్టేవారు.

"మా గూడెంల చిన్న పేర్లే పెట్టుకుంటం," అంది జంపక్క, పాప నడుం రుద్దుతూ. "పిల్లను కట్టుకొని ఇప్పపూలకు పోవాలె గదా. పెద్ద పేరైతే ఎవలు మోస్తరు?"

సుజన విన్నది. వద్దని ఒక్క మాట అంటే సరిపోయేదని ఆమెకు తెలుసు. ఆ మాట ఎక్కడ ఉందో వెతుక్కునేంత ఓపిక లేకపోయింది.

బారసాల రోజు వెంకటప్పయ్య పళ్ళెంలో బియ్యం మీద పేరు రాసి, పాప చెవి దగ్గర నోరు పెట్టి మూడుసార్లు చెప్పాడు. మూడోసారికి ఉయ్యాల గొలుసులు కిర్రుమన్నాయి. ఉయ్యాల మెల్లగా దిగి నేలకు ఆనింది. పాపకేమీ కాలేదు, ఆవలించింది. "పెద్దావిడ పేరాయె, ఆ మాత్రం ఉండదా," అనుకుని చుట్టాలు పులిహోర తిని, బట్టలు పెట్టించుకుని వెళ్ళిపోయారు. తోటలో గెలలు కోసే నలుగురు మనుషులు వచ్చి పాపను దుప్పటితో సహా ఎత్తి లోపలి గదిలో చాప మీద పెట్టారు. ఎత్తేటప్పుడు హైస్సా అని కేక వేశారు.

ఆ తరువాత పాపను ఎవరూ చంకనెత్తుకోలేదు. జంపక్క ఆ గదిలోనే, తూము పక్కన నీళ్ళు పోసేది. లంగోటీ మార్చాలంటే ఇద్దరు పట్టాలి. పాలివ్వాలంటే సుజన నేల మీద పక్కకు పడుకునేది. తన కూతురి తల తన మోచేతి మీద పెట్టుకోవడం ఎలా ఉంటుందో ఆమెకు గుర్తులేదు. గుర్తులేకపోవడం బాధగా కూడా అనిపించలేదు. పాప కాళ్ళూ చేతులూ ఆడించేది, ఫ్యానును చూసేది. వీపు మాత్రం చాప మీంచి లేచేది కాదు. బోర్లా పడగానే బొబ్బట్లు పంచుదామని కోటేశ్వరమ్మ తెచ్చిపెట్టిన పచ్చిశనగపప్పుకు పురుగు పట్టింది.

నర్సమ్మ శ్యామల టీకా వెయ్యడానికి ఇంటికే వచ్చి పాపను అటూ ఇటూ చూసింది. "పిల్ల మంచిగుంది. పేరే ఎక్కువైంది. ఏడాది దాటితే ఇగ లేవదు. జల్దీ ఒక ముద్దుపేరు చూస్కోండ్రి. పిల్ల ఏ పేరుకు పలికితే ఆ పేరే నిలుస్తది."

మామగారు వినిపించుకోలేదు. ఆయన తోటకు వెళ్ళాక కోటేశ్వరమ్మ చాప పక్కన కూర్చుని బంగారం అని, బుజ్జులు అని, చిట్టి అని పిలిచింది. చిట్టి అని మాత్రం రెండుసార్లు పిలిచింది. కాపురానికి రాకముందు అది ఆవిడ పేరే. ఈ ఇంట్లో అడుగు పెట్టిన రోజు కోటేశ్వరమ్మ అని మార్చారు. అప్పటి నుంచి మెట్లెక్కితే మోకాళ్ళు నొప్పులు. పాప వేలు చీకుతూ ఉండిపోయింది.

"నువ్వు పిలవమ్మా సుజనా. తల్లివి."

"ఏమని పిలవాలె అత్తయ్యా?" అంది సుజన. నిజంగానే ఆమెకు తెలియలేదు.

పాపకు ఆరో నెల నడుస్తుండగా రేంజ్ ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. సెలవు అయిపోయింది, సోమవారం డ్యూటీలో చేరాలన్నారు. వెంకటప్పయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కోడలి ముఖం చూడకుండా మెల్లగానే అన్నాడు. "పిల్లను కదపలేవు, వదల్లేవు. రాజీనామా ఇచ్చెయ్యమ్మా. ఇక్కడ నీకేం తక్కువ? వాడు లేకపోయినా మీరిద్దరూ నా ఇంట్లో ఉంటారు."

"సరే మామయ్యా," అంది సుజన. సంతకం పెట్టమంటే అప్పుడే పెట్టేసేది.

మధ్యాహ్నం ఆమె పాపకు పాలిస్తుంటే బీట్ వాచర్ భద్రు ఫోన్ చేశాడు. వారానికోసారి, అడగకపోయినా, అడివిలో సంగతులు చెప్పడం అతనికి అలవాటు. చెయ్యి ఖాళీ లేక ఫోన్ స్పీకర్లో పెట్టి చాప మీద ఉంచింది.

"మేడం, కుంటల నీళ్ళు మంచిగున్నయ్. దుప్పులు దిగుతున్నయ్. పాప మంచిగుందా? పేరేం పెట్టిండ్రు?"

"సుబ్బరత్నం."

"అమ్మో! మరి ఎట్ల ఎత్తుకుంటున్నరు మేడం?"

"ఎత్తుకుంటలేను."

భద్రు మాట మార్చాడు. "మేడం, ఆ మునిగే పిట్ట మళ్ళొచ్చింది. నీళ్ళ మీద గూడు కట్టింది. మనం చూసినం గదా పోయినేడు."

"ఏ పిట్ట?"

"గదే మేడం, గింతంత ఉంటది. మనిషిని చూడంగనే మాయమైతది."

"అవ్," అంది సుజన. "బుడుంగున మునుగుతది."

పాప పాలు తాగడం ఆపింది. తల తిప్పి తల్లి నోటి వైపు చూసింది.

సుజన ఫోన్ సంగతి మర్చిపోయింది. "బుడుంగున," అంది మళ్ళీ. పాప పెదవుల మీద పాలు బుడగ కట్టి పేలింది. నవ్వింది. నవ్వు ఆపి, ఇంకోసారి అనమన్నట్టు చూసింది. "బుడుంగి," అంది సుజన. ఆ మాట ఆమె ఆలోచించి అన్నది కాదు. పాప 'ఊ' అంది. కాలు ఎత్తి ఇటు వేసి, నడుం తిప్పి, చాప మీద బోర్లా పడి, తల నిలబెట్టింది.

"మేడం? హలో మేడం?" అంటున్నాడు భద్రు.

సుజన పాప చంకల కింద చేతులు పెట్టింది. లేవదని తెలిసిన వస్తువును పట్టుకున్నట్టే పట్టుకుంది. పాప లేచి వచ్చింది. సుజన గోడకు ఆనుకుని, పాపను భుజాన వేసుకుని చాలాసేపు కూర్చుంది. ఏడుపు రాలేదు.

సోమవారానికి కొత్త పేరూ, సుజన డ్యూటీలో చేరే సంగతీ ఇంట్లో అందరికీ తెలుసు. ఆ పొద్దున ఆమె ఖాకీ చొక్కా వేసుకుని, సంచి ఒక భుజానికి తగిలించుకుని, పాపను చంకనేసుకుని వాకిట్లోకి వచ్చింది. పాపను చూసుకోవడానికి కారేపల్లి నుంచి సుజన వాళ్ళమ్మ నేరుగా బీట్ క్వార్టర్‌కు వస్తోంది. కోటేశ్వరమ్మ టిఫిన్ డబ్బా సంచిలో సర్ది, పక్కకు జరిగింది.

వెంకటప్పయ్య అరుగు మీంచి లేచాడు. "సుబ్బరత్నం," అని పిలిచాడు.

పాప చూడలేదు. తల్లి చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది.

"సుబ్బరత్నం!" ఈసారి గట్టిగా పిలిచాడు. రోడ్డు మీద పోయే మనిషి ఆగి చూశాడు గానీ పాప చూడలేదు.

"అదేం పేరమ్మా," అన్నాడు కోడలితో. కొడుకు పోయినప్పుడు కూడా ఆయన గొంతు అంత బేలగా వినిపించలేదు. "రేపు బళ్ళో పిలిస్తే నవ్వరా?"

"నవ్వుతరు మామయ్యా," అంది సుజన. "ఇదీ నవ్వుతది."

బస్సు వచ్చే వేళయింది. వెంకటప్పయ్య కండువా సర్దుకున్నాడు. తోటలో మనుషుల్ని కేకేసే మనిషి, ఎవరూ వినకుండా చెప్పాలన్నట్టు ముందుకు వంగి, పెదవులు కూడగట్టుకుని, "బు... బుడుంగి," అన్నాడు.

పాప తల తిప్పింది. ఆయన మీసం చూసి రెండు చేతులూ చాపింది.

తన మనవరాలిని ఆయన అంతవరకూ ఎత్తుకోలేదు. ఎత్తుకుని, ఎలా పట్టుకోవాలో తెలియనట్టు కాసేపు నిలబడ్డాడు. పాప మీసం లాగుతుంటే లాగనిచ్చాడు. తరువాత తిరిగి సుజన చేతికిచ్చి, సంచి తన భుజాన వేసుకుని, బస్సు ఆపడానికి ముందు నడిచాడు.

బస్సు ఊరు దాటి టేకుచెట్ల మధ్యకు వచ్చేసరికి పాప ఒళ్ళో నిద్రపోయింది. ఎంత పిల్లకు అంత బరువు. కొంత దూరం పోయాక సుజన తొడకు తిమ్మిరెక్కింది. సన్నటి సూదులు గుచ్చినట్టు పాదం దాకా పాకింది. చాన్నాళ్ళ తరువాత ఆమె ఒంట్లో ఒక చోట ఏదో తెలిసింది.

పక్క సీటావిడ చూసి, "కాలు చాపుకో బిడ్డా, పిల్లను జరంత ఇటియ్యి," అంది.

"వద్దమ్మా," అంది సుజన. "ఉండనియ్యి."