సాక్షి వేషం

బల్లలన్నీ గోడకి జరిపేసరికి తరగతి గది కాస్తా రాజుగారి కొలువైపోయింది. కుర్చీ మీద దుప్పటి పరిచి అదే సింహాసనమన్నారు, నమ్మక చస్తామా! వందేళ్ళ నాటి నాటకంలో విచారణ ఘట్టం అది. రాణిగారి హారం పోతే, చెలికత్తె మీద తోటి చెలికత్తె అబద్ధపు సాక్ష్యం చెబుతుంది. ఆ సాక్షి వేషం చిలక అనే పిల్లకి పడింది. నిందపడ్డ చెలికత్తె వేషం ఆమె పిన్ని కూతురు పొట్టికి.

పడక పడక ఇదే పడాలా అని చిలక లోలోపల కుమిలిపోయింది. మొన్న లెక్కల పరీక్షలో బల్ల కింద దొరికిన గైడు కాగితం చిలకదే. "ఎవరిదిది?" అని మాస్టారు గద్దించగానే భయంతో నోరు జారింది. "పొట్టిదండీ. నేను చూశాను." నాది కాదు మొర్రో అని పొట్టి అన్నా విన్నవాళ్ళు లేరు. రేపు పిన్నిని బడికి రమ్మన్నారు. పొట్టిని ఏడాది పరీక్షకి కూర్చోనివ్వరట.

"హారం తీసింది ఈమే ప్రభూ! కళ్ళారా చూశాను." పొట్టి ముఖం చూడకుండానే చిలక గడగడా అప్పజెప్పేసింది.

హమ్మయ్య అనుకునేలోపే తెలుగు టీచర్ తన పద్ధతి గుర్తుచేసింది. "ఇప్పుడు వేషాలు మార్చుకోండి. రెండూ వేస్తేనే మార్కులు."

చిలక నిందితురాలి చోట నిలబడింది. పొట్టి ఎదురుగా వచ్చి వేలెత్తింది. ఇప్పుడిది నన్ను అందరి ముందూ కడిగేస్తుంది అనుకుంది చిలక. కడిగేస్తే బావుణ్ణనీ అనుకుంది.

పొట్టి వేలు దించేసింది.

"మాట మర్చిపోయావా?" అంది టీచర్.

"గుర్తుందండీ. దాన్ని చూపించి దొంగ అనడానికి ఆటకైనా నోరు రావట్లేదు."

"మార్కులు పోతాయే!"

"పోనీండి. ఎలాగూ పరీక్షకే రానివ్వరుగా."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చిలకకి మాత్రం ఏడుపు తన్నుకొచ్చింది. తనమీద తనకే అసహ్యం వేసింది.

"టీచర్, ఆ గైడు కాగితం నాదండీ. పొట్టిది కాదు. నేనేమీ చూళ్ళేదు."

రాజు వేషం కట్టిన పిల్ల, పాపం, ఇదీ నాటకంలోదే అనుకుని తన తీర్పు చదివేసింది. "నేరం రుజువైంది! తీసుకుపోండి!"

భటులు దిక్కులు చూస్తూ నిలబడిపోయారు. పొట్టే వచ్చి చిలక చెయ్యి పట్టుకుంది.

"పదవే, పెద్ద మేడమ్ దగ్గరికి. నేనూ వస్తా."