సుబ్బక్క బొట్టు పెట్టిన గుడి

చైత్ర స్నానం చేసొచ్చే లోపల వాళ్లవ్వ సుబ్బక్క, పోటీకని చైత్ర గీసిన బొమ్మను పేపర్లో చుట్టిపెట్టి, రాగానే చేతికిచ్చింది. మత్తిగిరిలో బస్సెక్కినాక విప్పి చూస్తే ఏముంది, బొమ్మ పాడైపోయింది.

అది సాంచీలోని పాత బౌద్ధ గుడి. ముందర నాలుగు స్తంభాలు, పైన చదును కప్పు, గోపురం గీపురం ఏమీ లేవు. ఫోన్లో ఫోటో చూసుకుంటా వానకాలమంతా పెన్సిల్‌తో గీసింది. ఇప్పుడు దాని గడప నిండా పసుపు, కుంకం! దినామూ పొద్దున్నే ఇంటి గడపకు బొట్లు పెట్టే అవ్వ చెయ్యి, గుడి గడప కనిపిస్తే ఊరకుంటుందా?

ఫోన్ చేసి అరిచింది. అవ్వ తొణకలేదు.

"గుడి కదమ్మా, బోడి గడపతో ఎట్ల పంపేది?"

ఈ పోటీలో గెలిస్తే బెంగళూరు ఆర్ట్ కాలేజీలో ఫీజు లేకుండా సీటు. లేదంటే సోమవారం నుంచి కంపెనీలో షిఫ్టు. నాయన మునిరాజు ఆ మాట ఖండితంగా చెప్పేసినాడు. చెడ్డోడేమీ కాదు, గొర్రెలమ్మి డిగ్రీ చదివించినోడే, ఇంక ఆయన వల్ల కాదు.

హోసూరు హాల్లో పోటీ జరిపే అనంతకుమార్ సారు బొమ్మ చూసి, పెన్సిల్ తప్ప రంగు తగలగూడదని రూలు చూపించినాడు. చైత్రకు ఏడుపొచ్చింది. దాని వెనకాలే కోపమొచ్చింది, అదే మేలయింది.

"సాయంత్రం దాకా తీసుకుంటారు కదా సార్. ఒక షీటియ్యండి, ఈడనే గీసిస్తాను."

ఆయన ఇచ్చినాడు. చైత్ర కింద కూర్చుని, స్కేలు పక్కన పారేసి, వాకిట్లో ముగ్గుకు పెట్టినట్ల వరసగా చుక్కలు పెట్టింది. ఎవరో తమిళంలో కోలమా అని నవ్వినారు. అవును, ముగ్గే అనింది, తలెత్తకుండా. చుక్క నుంచి చుక్కకు గీత పోతా ఉంటే స్తంభాలు లేచినాయి, కప్పు కూర్చునింది. ఫోటో అక్కర్లేకపోయింది, చేతికే గుడి తెలుసు. గడప అవతల చీకటి నింపేటప్పటికి నవ్వినోళ్లే వంగి చూస్తా నిలబడినారు. ఇంట్లో గీసినదాని కంటే ఇదే బాగుందని చైత్రకే తెలిసిపోయింది.

మొదటి ప్రైజుకు పిలిచింది ఆమె పేరే. హాలంతా చప్పట్లు.

బయటికొచ్చి నాయనకు ఫోన్ చేసి, సీటొచ్చింది నాయనా అనింది. ఆయన ఫోన్ పెట్టేయడం కూడా మరిచిపోయి, పశువుల ఫారంలో తనతో పనిచేసేవాళ్లందరికీ తన కూతురు గెలిచిందని కన్నడంలో ఒకసారి, తమిళంలో ఒకసారి గొంతు చించుకుని అరిచి చెప్తా ఉండేది ఆమెకు వినిపించింది.