తాయెత్తులో బిళ్ళ

నేను ఒక జాడ చెప్పే బిళ్ళను. రూపాయి నాణెం కన్నా కాస్త పెద్దగా ఉంటాను. లోపల గుండీ అంత బ్యాటరీ ఉంటుంది. దారిన పోయేవారి ఫోన్ల సాయంతో నేనున్న చోటును నా యజమాని ఫోనుకు తెలియజేస్తాను. ఎక్కడున్నానో చెప్పగలను గాని, ఎలా ఉన్నానో చెప్పలేను. ఏ తాళాల గుత్తికో వేలాడతాననుకున్నాను. విశాఖపట్నంలో నన్ను కొన్న నూకరత్నం మాత్రం నన్ను దేవుడి పక్కన చేర్చింది.

ఆమె భర్త ఎర్రునాయుడు గ్యాస్ ట్యాంకరు నడుపుతాడు. కిందటేడు ఘాట్ రోడ్డులో బండి ఒరిగిపోతే మర్నాటిదాకా అతని కబురు ఆమెకు అందలేదు. ఆ రాత్రి ఆమెను ఇప్పటికీ వదల్లేదు. బిళ్ళ దగ్గరుంచుకోమంటే అతను నవ్వేశాడు.

"నానేటి, తప్పిపోయిన గేదెనా?"

అందుకని అతని తాయెత్తు విప్పి, పసుపు గుడ్డలో కుంకుమ పక్కనే నన్ను పెట్టి కుట్టేసింది. పొద్దున్నే దాన్ని అతని దండచేతికి కట్టింది.

"ఇదేటే, ఇంత బరువుంది?"

"దేవుడు బరువుండడా, మావా?"

గ్యాస్ ప్లాంటు గేటు దగ్గర కాపలాదారు సన్యాసిరావు నాయుడి చేత ఫోను, అగ్గిపెట్టె, చేతి గడియారం తీయించి పెట్టెలో వేశాడు. జేబులు తిరగేసి చూశాడు. తాయెత్తు దాకా వచ్చి, దాన్ని తాకి కళ్ళకద్దుకుని వదిలేశాడు. ఒక్క అగ్గిపుల్లను కూడా విడిచిపెట్టని మనిషి అతను. అతని భక్తిని నేను తక్కువ చేయను. కానీ గుడ్డ విప్పి చూస్తే దేవుడికి కోపం వస్తుందని అతనికెవరు చెప్పారు?

ట్యాంకరుకు గొట్టం బిగిస్తుండగా నేను కూశాను. యజమాని ఫోనుకు చాలాసేపు దూరమైతే కూయడం నా స్వభావం. గ్యాస్ కారుతోందనుకుని పనివాళ్ళు వాల్వు మూసి పరుగెత్తారు. నాయుడూ పరుగెత్తాడు. కూత కూడా అతనితోనే పరుగెత్తింది.

"ఓరి నాయుడో, నీ దండే కూత్తంది!" అంటూ ఒక ఫిట్టరు తాయెత్తు పట్టుకున్నాడు. "ఉండు, ఇప్పి బేటరీ పీకేత్తాను."

"ఇక్కడ విప్పకు!" అని కేక వేసింది భద్రతాధికారి కామేశ్వరి. "పీకితే నిప్పురవ్వ పుట్టొచ్చు. ఎవరూ ముట్టుకోకుండా గేటు బయటికి నడవండి."

కాపలా గదిలో ఆమె చెప్పులు విడిచి, తాయెత్తుకు దణ్ణం పెట్టి, కత్తెరతో కుట్టు విప్పింది. నన్ను చూసి నాయుడి ముఖం పాలిపోయింది. గేటు పాసు పోతే ఇక బండి ఇచ్చేవాడుండడు.

"ఎవరు పెట్టారిది?"

"నానే ఎట్టుకున్నానమ్మా."

"అబద్ధం. నీకు తెలిసుంటే, కూత వినగానే అందరితో పాటు నువ్వెందుకు పరుగెత్తావు?"

కామేశ్వరి అతని ఇంటికి ఫోను చేసింది.

"నానే ఎట్టినాను తల్లీ," అంది నూకరత్నం. "మావ ఎక్కడున్నాడో తెలుత్తాదని."

"ఇదీ ఒక చిన్న రేడియోనే, కానీ లోపల మేం వాడే రేడియోలు వేరమ్మా. గ్యాసున్న చోట రవ్వ పుట్టకుండా తయారుచేసి, పరీక్షించినవి. ఇది అలాంటిది కాదు. దీన్ని లోపలికి పంపితే నీ మనిషికీ ప్రమాదం, పక్కవాళ్ళకీ ప్రమాదం."

అవతలి నుంచి "మావ పాసు తీసీకండమ్మా" అని మాత్రం వినిపించింది.

పాసు తీసేయలేదు. నెల్లాళ్ళు ఆపి, భద్రతా పాఠాలు మళ్ళీ చెప్పించారు.

"ఇకమీదట దేవుళ్ళని కూడా సోదా సెయ్యాలా మేడమ్?" అన్నాడు సన్యాసిరావు దిగులుగా.

"దణ్ణం పెట్టుకునే చెయ్యి."

ఇప్పుడు నేను నాయుడి చొక్కా జేబులో తిరుగుతున్నాను. ప్లాంటు వస్తే అతనే నన్ను తీసి గేటు దగ్గరి పెట్టెలో వేస్తాడు. మళ్ళీ బండి ఎక్కిన మొదటి రోజు, లోపలికి వెళ్ళే ముందు పెళ్ళానికి ఫోను చేశాడు.

"నీ ఫోన్లో నన్ను సూపించే సుక్క గేటు కాడ ఆగిపోతాది. బెంగెట్టుకోకు."

"నువ్వు ఇవతలకొచ్చేదాకా నానేటి సెయ్యాల?"

"దేవుడికి దణ్ణమెట్టుకో."

"అది ఇన్నాళ్ళూ సేసిందే గదా, మావా."

పెట్టె మూత పడింది. ఆమె తెర మీద నేను గేటు దగ్గరే ఉన్నాను. ఆమె మనిషి మాత్రం నేను వెళ్ళకూడని చోట ఉన్నాడు. అతను క్షేమంగా ఉండాలంటే, అంతసేపూ ఆమెకు అతని జాడ తెలియకుండానే ఉండాలి.