పొగమంచును తుడవని ఫోను

పొగమంచు పట్టిన ఉదయాల్లో ఎఫీ బల్ల మీద ఒక టీ కప్పు ఎక్కువ పెట్టేది. సముద్రంలో మనిషిని పోగొట్టుకున్న ప్రతి ఇంట్లోనూ అంతే. మంచు చిక్కబడగానే పోయినవాళ్ళు తడి బూట్లతో వచ్చి, తమ కుర్చీల్లో కూర్చుని, కప్పు చుట్టూ చేతులు పెట్టి వెచ్చబడేవాళ్ళు. మంచు విడిపోయే వేళకు లేచి వెళ్ళిపోయేవాళ్ళు. ఆ తర్వాత ఆడవాళ్ళు నేల తుడుచుకునేవాళ్ళు.

ఈ చలికాలంతో రేవు ఖాళీ అవుతోంది. చేపలు లేవు, ఓడ ఇక రాదు. అందరికీ సముద్రానికి దూరంగా, లోపలి పట్నంలో ఇళ్ళిస్తున్నారు. అక్కడ పొగమంచు పట్టదు.

అందుకే ఎఫీకి ఫోను కావాలి. భర్త లియాండర్ ముఖం ఒక్కటైనా వెంట తీసుకుపోవాలి. ఉన్న ఒక్క ఫోటో అతనితోపాటే పడవలో మునిగింది.

దుకాణం గార్లండ్ రెండు ఫోన్లు తీశాడు. "చూడు తల్లీ, ఈ పల్చటిది చీకట్లో పిల్లి మీసాలు కూడా చూపిస్తుంది. ఈ లావుది ఇటుకరాయి. కరెంటు పోయినా వారం నడుస్తుంది, నీళ్ళలో పడినా చావదు. కెమెరా మాత్రం అంతంతమాత్రం."

ఏళ్ళ తరబడి చేపలు కోసి కోసి ఎఫీ వేళ్ళు నున్నగా అరిగిపోయాయి. పల్చటిది ఆమె వేలికి పలకలేదు. లావుది గట్టిగా నొక్కితే వెలిగింది.

"మొద్దుకు మొద్దు దొరికింది," అంది ఆడబిడ్డ బ్రైడీ. ఆమె మొగుడు వాల్ట్ కూడా ఆ పడవలోనే పోయాడు. "అన్నయ్య ముఖం కావాలంటే మంచి కెమెరా తీసుకో వదినా. నొక్కడానికి నేను లేనూ?"

"రెండూ పట్టుకెళ్ళు. ఒకటి తిరిగివ్వు," అన్నాడు గార్లండ్.

ఆ ఏడు మంచు మొండికేసింది. సామాను కట్టేశాక, ఆఖరి వారంలో దిగింది. బ్రైడీ తన ఇంట్లో వాల్ట్‌కి కప్పు పెట్టేసి, వదిన దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"కొత్త కోటు కొన్నావా?" అన్నాడు లియాండర్, తడి బూట్లతో వచ్చి తన కుర్చీలో కూర్చుంటూ.

"పాతదే. గుండీలు మార్చాను."

"వెళ్ళేచోట మంచు పడుతుందా?"

"పట్టదట. ఇళ్ళు మాత్రం వెచ్చగా ఉంటాయట."

అతను నవ్వాడు. పళ్ళ మధ్య చిన్న సందు. ఎఫీ దాన్ని అప్పటికే మరిచిపోయింది.

బ్రైడీ పల్చటి ఫోనుతో తీసింది. అది క్షణం ఆలోచించి బొమ్మ చూపించింది. బల్ల మీది గీతలు, కిటికీ తెర నేతలో పోగులు, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. కుర్చీ ఖాళీగా ఉంది. మళ్ళీ తీసింది. మళ్ళీ ఖాళీయే.

"మంచును తుడిచేస్తోంది వదినా."

"ఆయన్నీ తుడిచేస్తోంది. ఇటుకరాయి ఇలా ఇవ్వు."

ఎఫీ బొటనవేలితో గట్టిగా నొక్కింది. బట్టలుతికిన నీళ్ళలాంటి బొమ్మ వచ్చింది. అందులో మసకగా లియాండర్, ఆ సందుతో సహా.

బ్రైడీ ఆ ఫోను లాక్కుని తన ఇంటికి పరుగెత్తింది. అప్పటికే ఎండ వచ్చేసింది. వాల్ట్ కప్పు గోరువెచ్చగా ఉంది. ఆ తర్వాత రేవులో మంచు పట్టలేదు.

పట్నంలో ఇద్దరికీ ఒకే మేడలో ఇళ్ళొచ్చాయి, పైన ఎఫీ, కింద బ్రైడీ. బ్రైడీ ఆ బొమ్మ చూడనని పైకి రావడమే మానేసింది.

ఒక ఉదయం ఎఫీ బొమ్మ తెరిచి, ఫోనును కప్పుకి ఆనించి పెట్టింది. ఫోను అద్దం చెమర్చింది. బొమ్మలోంచి మంచు బల్ల మీదికి జారి, నేల మీద పాకి, తలుపు సందులోంచి మెట్ల మీదికి దిగింది. లియాండర్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

కాసేపటికి తలుపు దబదబా మోగింది. బ్రైడీ, చెప్పుల్లేకుండా, ఆయాసపడుతూ.

"ఆర్పకు వదినా, నీకు దండం పెడతాను. వాల్ట్ ఇంకా మెట్లెక్కుతున్నాడు."