నాలుగువందల పన్నెండో సొరుగు

ఆ వీధిలో బొత్తాల కొట్టు ఒక్కటే. దాని సంగతి చెప్పాలంటే ముందు గోడ సంగతి చెప్పుకోవాలి. గుమ్మం దాటి లోపలికి వెళ్తే ఎదురుగా నేల నుంచి కప్పు దాకా గోడంతా చిన్న చిన్న చెక్క సొరుగులే. నాలుగువందల పన్నెండు ఉన్నాయి, కావాలంటే లెక్కపెట్టుకోవచ్చు. ప్రతి సొరుగులోనూ ఒక జాతి బొత్తాలు, ఆ జాతిలో మళ్లీ సవాలక్ష రంగులు, సైజులు. గోడ ముందు ఇనప పట్టా మీద అటూ ఇటూ జరిగే చక్రాల నిచ్చెన ఉంది. ముప్ఫై ఏళ్లుగా ఆ నిచ్చెన ఎక్కే మనిషి ఒక్క అత్తగారే. మామగారిది కింద బల్ల దగ్గర బొత్తాలు పొట్లం కట్టడం, వచ్చినవాళ్లతో లోకాభిరామాయణం చెప్పడం.

అల్లుడికి మాత్రం ఆ నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టే హక్కు కూడా లేదు. తప్పు అతనిదే లెండి. పెళ్లయిన కొత్తలో సాయం చేస్తానని ఉత్సాహంగా పైకెక్కి, రెండు సొరుగులు ఒకేసారి లాగి, రెండూ బోర్లించాడు. కింద కలిసిపోయిన ముత్యపు బొత్తాలు ఏరి వేరుచేయడానికి ఇంటిల్లిపాదికీ రెండు రోజులు పట్టింది. అత్తగారు పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ తర్వాత పదేళ్లూ అతను నిచ్చెన వైపు వస్తున్నాడంటే చాలు, ఆవిడ చేయి అడ్డం పెట్టేది.

అతని పని ఫోన్లలో వాడే యాప్‌లు రాయడం. కొట్టు పైన మేడమీదే ఇల్లు, ఇంట్లో ఒక మూల గదిలో అతని ఆఫీసు. చిక్కుముడి విడకపోతే చొక్కాకి పైనుంచి రెండో బొత్తాం పట్టుకుని మెలితిప్పే అలవాటు ఒకటుంది. తిప్పీ తిప్పీ అది ఊడి చేతికొచ్చాక గానీ ఈ లోకంలోకి రాడు. బొత్తాల కొట్టు అల్లుడు రొమ్ము మీద చొక్కా తెరుచుకుని తిరగడమేమిటని వీధిలో నవ్వుకునేవాళ్లు. ఒకటి రెండు రోజులకల్లా ఆ చొక్కా మళ్లీ బొత్తాంతో సహా బీరువాలో ఉండేది. అదెలా వచ్చి చేరుతోందని ఆ మహానుభావుడు ఒక్కనాడూ ఆలోచించలేదు.

ఇలా ఉండగా అత్తగారి మోకాలికి ఆపరేషన్ అయింది. ఇక నిచ్చెన మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. ఆవిడ మేడమీద మంచానికి పరిమితమైంది. కింద కొట్టులో మామగారికీ, ఆవిడ కూతురికీ, అంటే అల్లుడి భార్యకీ చుక్కలు కనిపించాయి. ఏ బొత్తాం ఏ సొరుగులో ఉందో ఆవిడకు తప్ప నరమానవుడికి తెలియదు. ఒక్క కోటు బొత్తాం కోసం గంటసేపు వెతికి, దొరక్క, వచ్చినవాళ్లను ఉత్త చేతులతో పంపుతున్నారు. పది రోజులు చూసి మామగారు ఒక నిర్ణయానికొచ్చాడు. గోడ తీసేయిస్తాడట. కొక్కేలకు ప్లాస్టిక్ ప్యాకెట్లు వేలాడదీస్తే ఎవరిక్కావలసింది వాళ్లే తీసుకుంటారట. కొలతలకు వడ్రంగి శుక్రవారం వస్తాడని అత్తగారి ముఖం చూడకుండా చెప్పాడు.

మాటకు మాట అప్పజెప్పే అత్తగారు ఈసారి అటు తిరిగి పడుకుంది. అల్లుడు అది చూశాడు. ఆ గోడ పోతే ఆవిడకు ఇంకేం మిగులుతుందని భార్యతో అన్నాడు. తర్వాత మామగారి దగ్గరికి వెళ్లి, శుక్రవారం లోపల ఆ గోడ మొత్తాన్ని అత్తయ్య చేతిలో పెడతానని మాటిచ్చాడు. మంచం మీంచే ఆవిడ బొత్తాం వెతుకుతుంది, నంబరు చెబుతుంది, కింద ఎవరో ఒకరు తీస్తారు. అంతకన్నా ఏం కావాలి?

అనుకున్నదే తడవుగా పనిలోకి దిగారు. భార్య ఒక్కో సొరుగూ ఫోటోలు తీసింది. అత్తగారు మంచం మీంచే వివరాలు చెబుతుంటే ఫోన్లో ఎక్కించింది. అల్లుడు యాప్ రాశాడు. తెర మీద సొరుగుల జాబితా, ఒక్కో సొరుగు పెట్టెలో మళ్లీ అందులోని బొత్తాల జాబితా. ఐదు సొరుగులు, సొరుగుకు మూడేసి బొత్తాలు పెట్టి పరీక్షించాడు. వెన్నలా జరిగింది. సోమవారం పొద్దున్నే అసలు సరుకంతా నింపి, తీసుకెళ్లి అత్తగారి చేతిలో పెట్టాడు.

ఆవిడ బొటనవేలితో పైకి తోసింది. ఒకటో సొరుగు పోయింది, రెండోది పోయింది, మూడోది వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఎంత తోసినా నాలుగోది రాదు. ఆ సొరుగులోని చొక్కా బొత్తాలే పైకి పోతున్నాయి. అరవై నాలుగు రకాలూ అయిపోయాక తెర గోడలా నిలబడిపోయింది. అల్లుడు ఫోన్ తీసుకుని జరిపి చూపించాడు, చక్కగా జరిగింది. ఆవిడ చేతికిస్తే మళ్లీ మొండికేసింది. అతను మళ్లీ చూపించాడు, మళ్లీ జరిగింది. గుమ్మంలో నిలబడి చూస్తున్న మామగారికి ఇంతకన్నా మంచి సందర్భం ఎప్పుడు దొరుకుతుంది?

"అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉంది అన్నారు. మన కొట్టు చూసే అని ఉంటారు" అని చక్కా కిందికి దిగిపోయాడు.

గుట్టు కనిపెట్టింది భార్య. అతను ప్రతిసారీ తెర అంచున, వేలెడు ఖాళీ జాగాలో బొటనవేలు పెడుతున్నాడు. వాళ్లమ్మ నట్టనడుమ పెడుతోంది. రాసినవాడికి ఎక్కడ పట్టుకోవాలో తెలుసు కాబట్టి, తనకే తెలియకుండా తప్పించుకుపోతున్నాడు. ముల్లు ఎక్కడుందో తెలిసినవాడు చేప తిన్నట్టు. పైగా మూడేసి బొత్తాలతో చూసుకున్నాడు కాబట్టి, లోపలి జాబితా కదలాల్సిన అవసరమే అప్పుడు రాలేదు. ఇప్పుడు బయటి జాబితా కిందికీ పైకీ పోయేదే, లోపలిదీ కిందికీ పైకీ పోయేదే. వేలు తగలగానే లోపలిది ఆ ఊపంతా నాదని లాక్కుంటోంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా?

మంగళవారం అతను లోపలి జాబితా నోరు మూయించాడు. దానికి సొంత కదలిక తీసేసి, ఉన్న బొత్తాలన్నీ బారుగా పరిచేశాడు. నాలుగో సొరుగైతే వచ్చింది గానీ, మూడో సొరుగు అరవై నాలుగు బొత్తాలూ దాటుకుని రావాలి. అలా ఒక్కటొక్కటే దాటుకుంటూ ఇరవయ్యో సొరుగు చేరేసరికి అత్తగారికి కునుకు పట్టింది. అంత సరుకూ ఒక్కసారి మోయలేక ఫోన్ సెగలు కక్కింది. దీంతో దుప్పటి ఇస్త్రీ చేసుకోవచ్చు బాబూ అని తిరిగిచ్చేసింది.

బుధవారం ఇంకో ఎత్తు వేశాడు. లోపలి జాబితా చివరికి చేరగానే మిగిలిన ఊపు బయటి జాబితాకు అందేలా రాశాడు. అత్తగారు కొంచెం గట్టిగా తోసింది. చొక్కా బొత్తాలు అయిపోవడమే ఆలస్యం, ఆ ఊపుకి సొరుగులు గిర్రున తిరిగి తొంభయ్యో నంబరు దగ్గర తేలాయి. వెనక్కి లాగితే మళ్లీ ఏదో సొరుగులో ఇరుక్కుంది. ఆవిడ ఫోన్ ఒళ్లో పడేసి పకపకా నవ్వింది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ నవ్వడం అదే మొదలు. అల్లుడికి ఏడవాలో తనూ నవ్వాలో తెలియలేదు, చివరికి తనూ నవ్వాడు.

గురువారం మధ్యాహ్నానికి ఇక దారి తోచలేదు. తెల్లారితే వడ్రంగి వస్తాడు. మంచం పక్కన కుర్చీలో కూర్చుని, రెండు రోజులుగా వేసుకున్న చొక్కాకి రెండో బొత్తాం మెలితిప్పుతూ మొత్తం గొడవ అత్తగారికి విప్పి చెప్పాడు. చెబుతుండగానే బొత్తాం ఊడి చేతికొచ్చింది. జేబులో వేసుకున్నాడు. ఆవిడ అది చూసీ చూడనట్టు ఊరుకుని, ఒక ప్రశ్న అడిగింది.

"నేను సొరుగు తీసేటప్పుడు నిచ్చెన ఎటు పోతుంది బాబూ?"

"పక్కకి."

"సొరుగు?"

"మీ వైపుకి వస్తుంది."

"మరి. రెండూ ఒకే దారిన పోయేవైతే ఈ ముప్ఫై ఏళ్లలో ఎన్నిసార్లు కిందపడేదాన్నో. ఆ దారి వేరు, ఈ దారి వేరు కాబట్టే ఒకదాన్ని ఒకటి అడ్డుకోలేదు. నీ ఫోన్లో రెండిటికీ ఒకే దారి ఎందుకిచ్చావు?"

అల్లుడు నుదురు కొట్టుకున్నాడు. ఇంత చిన్న విషయం తనకు తెలియక కాదు. ఇలాంటి అడ్డవరసలు ఎన్ని యాప్‌లలో రాయలేదు? చేతిలో దీపం పెట్టుకుని నిప్పు కోసం ఊరంతా తిరిగినట్టయింది అతని పని. ఒక్క అంగలో తన గదిలోకి వెళ్లిపడ్డాడు. సొరుగులు కిందికీ పైకీ ఉంచి, ఒక్కో సొరుగులోని బొత్తాలను అడ్డంగా ఒక వరసలో పేర్చాడు. తెర మీద కనిపించేవే తెచ్చి, మిగతావి అవసరమైనప్పుడు తెచ్చుకునేలా చేశాడు, ఫోన్ చల్లబడింది. కుడి అంచున సగం బొత్తాం తొంగిచూసేలా పెట్టాడు, ఇంకా ఉన్నాయని ఎవరూ చెప్పక్కర్లేకుండా. అత్తగారి బొటనవేలు తిన్నగా పోదు, ఏటవాలుగా పోతుంది. అది ఈసారి కూర్చుని కళ్లారా చూశాడు. వేలు మొదట ఎటు ఎక్కువ కదిలితే ఇక అటే పోవాలని రాశాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పని పూర్తయింది.

శుక్రవారం పొద్దున్న వడ్రంగి రానే వచ్చాడు. చెవి మీద పెన్సిలు, చేతిలో టేపు. గోడ పొడవు కొలిచి చేయెత్తేసరికి, అతని చొక్కా ఎడమ జేబు మూతకు బొత్తాం లేకపోవడం మామగారి కంట్లో పడింది. ముప్ఫై ఏళ్ల కొట్టు మనిషి, ఊరుకుంటాడా? ఏమైందని అడిగాడు. తాను పని నేర్చుకున్న చోట ఇచ్చిన చొక్కా అదనీ, అలాంటి బొత్తాం ఎక్కడా దొరక్క అలాగే వేసుకుంటున్నాననీ వడ్రంగి చెప్పాడు. మామగారు కుడి జేబు బొత్తాన్ని పరిశీలనగా చూసి, పైకి ఫోన్ చేశాడు. ముదురాకుపచ్చ, నాలుగు కన్నాలు, చుట్టూ గట్టు, పావలా కన్నా చిన్నది అన్నాడు. గొంతులో పందెం వేసినవాడి పంతం ఉంది, ఓడిపోతే బాగుండునన్న ఆశా ఉంది.

మేడమీద అల్లుడు మంచం పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చచ్చినా ఫోన్ ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. అత్తగారు బొటనవేలు తెర నట్టనడుమ పెట్టింది. వేలు పైకి తోసింది, సొరుగులు జరిగాయి. మూడోది దాటింది, నాలుగోది దాటింది, వందా దాటాయి. ఒకచోట ఆగి పక్కకి తోసింది, బొత్తాలు వరసగా నడిచొచ్చాయి. కాదని మళ్లీ పైకి తోసింది, మాట విన్నట్టు జరిగింది. ఇంకోచోట ఆగి పక్కకి రెండుసార్లు తోసి, తొంగిచూస్తున్న సగం బొత్తాన్ని లోపలికి లాగింది. ముదురాకుపచ్చ, నాలుగు కన్నాలు, చుట్టూ గట్టు.

"రెండువందల ముప్ఫై ఏడు" అంది ఆవిడ ఫోన్లో. తర్వాత తలెత్తి అల్లుణ్ణి చూసింది. "నువ్వెళ్లి ఎక్కు బాబూ. ఒక్క సొరుగే లాగు."

పదేళ్ల తర్వాత అతను ఆ నిచ్చెన ఎక్కాడు. రెండువందల ముప్ఫై ఏడో సొరుగు ఒక్కదాన్నే లాగాడు. ఉంది. కిందికి తెచ్చి బల్ల మీద పెడితే వడ్రంగి దాన్ని కుడి జేబు బొత్తాం పక్కన పెట్టుకుని, కవలపిల్లల్ని చూసినట్టు చూశాడు. మామగారు అటు తిరిగి కళ్లజోడు తుడుచుకున్నాడు, చాలాసేపే తుడుచుకున్నాడు. తర్వాత బల్ల మీది టేపు తానే చుట్టి వడ్రంగి చేతిలో పెట్టాడు.

"గోడ జోలికి పోకు మేస్త్రీ. ఆ నిచ్చెన చక్రం కిర్రుమంటోంది, అది చూసి వెళ్లు."

గోడ పడగొట్టడానికొచ్చిన మనిషి చక్రానికి నూనె పెట్టి, బిగుసుకున్న సొరుగు ఒకటి చిత్రిక పట్టి, అక్కడే బొత్తాం కుట్టించుకుని, జేబు మూత బిగించుకుని నవ్వుకుంటూ వెళ్లాడు.

అల్లుడు మూడేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి పైకొచ్చాడు. అత్తగారు పనేమీ లేకపోయినా గోడంతా పైకీ కిందికీ, అటూ ఇటూ తిప్పుకుంటోంది. పక్కన కూర్చున్న కూతురు ఎందుకో ముసిముసిగా నవ్వుతోంది. ఒకసారి నువ్వూ చివరిదాకా వెళ్లి చూడమంటూ అత్తగారు ఫోన్ అతని చేతికిచ్చింది. నిజమే, ఇన్ని రోజుల్లో చివరిదాకా అతనెప్పుడూ వెళ్లలేదు. ఈసారి అంచున కాక నడిమధ్యన వేలు పెట్టి జరిపాడు. నాలుగువందల పన్నెండు. అట్టడుగు వరసలో ఆఖరి సొరుగు. దాని మీద పేరు భార్య వేళ్లతో టైపు చేసిందే, మాట మాత్రం వాళ్లమ్మది. 'అల్లుడి చొక్కాలు.'

పక్కకి జరిపాడు. తెల్లవి, ఇంటర్వ్యూ చొక్కావి. నీలం, మొదటి ఉద్యోగం నాటివి. బూడిద రంగు, అంచు విరిగినవి. గళ్ల చొక్కావి, ఎక్కువ తెంపుతాడు కాబట్టి ఆరు. కుడి అంచున ఇంకా సగం బొత్తాం తొంగిచూస్తూనే ఉంది. పదేళ్ల చొక్కాలన్నీ వరసగా వస్తూనే ఉన్నాయి.

"అత్తయ్యా, ఇన్నాళ్లూ కుట్టింది మీరా?"

"ఆలోచన వచ్చినప్పుడల్లా ఒకటి తెంపుతావు. సరిపోయేది ముందే తెచ్చి పెట్టుకోకపోతే ఎలా? నిన్న తెంపింది ఏదీ, ఇటివ్వు."

అతను ఇంకా వంటిమీదే ఉన్న నిన్నటి చొక్కా జేబులోంచి తీసిచ్చాడు. కూతురు అప్పటికే సూదిలో దారం ఎక్కించి పట్టుకుంది. చొక్కా విప్పక్కర్లేదు, కదలకుండా కూర్చోమంది అత్తగారు. అల్లుడు మంచం అంచున కూర్చున్నాడు, ఆవిడ ముందుకు వంగి కుట్టడం మొదలుపెట్టింది.