ఖనిజాల వదిన

మా ఆడపడుచుని చుట్టుపక్కల అందరూ ‘ఖనిజాల వదిన’ అంటారు. ఆ పేరు పెట్టింది నేనే. వెక్కిరించాలని పెడితే ఆవిడ దాన్ని బిరుదనుకుంది. ఏం చెయ్యను, నా ఖర్మ!

పాతికేళ్లు కర్టెన్లు అమ్మి, ఆ తర్వాత ఫోన్లో వీడియోలు చూసి వైద్యురాలైపోయింది. ఒంట్లో మెగ్నీషియం తగ్గితే పిల్లలకి ఉబ్బసమట, జింక్ తగ్గితే తుమ్ములట, సెలీనియం తగ్గితే దద్దుర్లట. మా పిల్లల డాక్టరమ్మని అడిగాను. “గింజలు, ఆకుకూరలు, చేపలు బాగా పెట్టు, మంచిదే. మందు మాత్రం ఆపకు” అంది. ఆ మాటే మా వదినకి చెబితే, మొదటి సగం విని రెండో సగానికి చెవులు మూసుకుంది.

ఇక మా ఆయన. ఆఫీసులో పదిమంది మీద అరిచే మొనగాడు, అక్క ముందు నోరు పెగలదు. “ఇన్‌హేలర్ అలవాటైతే జన్మలో వదలదురా తమ్ముడూ” అని ఆవిడ అనడమే ఆలస్యం, మా ఏడేళ్ల బుడ్డదాని ఇన్‌హేలర్ పట్టుకెళ్లి ఆఫీసు సొరుగులో పెట్టి తాళం వేశాడు. నాతో ఒక్క ముక్క అనలేదు.

ఆదివారం సాయంత్రం మా హాల్లో ఆవిడ ఉపన్యాసం. ఇరుగుపొరుగు వచ్చి కూర్చున్నారు. పక్కన మా బుడ్డదాన్ని నిలబెట్టుకుంది, షాపులో కర్టెన్ గుడ్డ చూపించినట్టు.

“మా మేనకోడల్ని చూడండి! నా పొడులు తప్ప ఇంకో మందు ముట్టుకోలేదు!”

చూశాను. ఊపిరికోసం పిల్ల భుజాలు ఎగిసిపడుతున్నాయి. మెడ కింద గుంట లోపలికి పోతోంది. ఈల వేసినట్టు చప్పుడు. పరుగెత్తి అల్మారా తెరిస్తే, మందు పీల్చే గొట్టం ఉంది గానీ ఇన్‌హేలర్ లేదు.

“ఇన్‌హేలర్ ఏదీ?”

మా ఆయన ఫ్యాన్ వంక చూశాడు. “ఆఫీసులో... అక్క చెప్పిందని...”

“పిల్ల ఇంట్లో, మందు ఆఫీసులోనా? బుద్ధుందా మీకు? కారు తియ్యండి!”

“ఎందుకంత కంగారు? ఇంకో చెంచా మెగ్నీషియం కలుపుతాను” అంది ఆవిడ, గ్లాసులో చెంచా తిప్పుతూ.

అప్పుడు బుడ్డది ఆవిడ హ్యాండ్‌బ్యాగు వైపు వేలు చూపించింది. “అత్త... బ్యాగులో... ఉంది. బాత్రూంలో... పీల్చుకుంటుంది.”

హాల్లో తలలన్నీ ఆ బ్యాగు వైపు తిరిగాయి. వదిన ముఖాన కత్తివేటుకి నెత్తురు చుక్క లేదు. బ్యాగుని గుండెలకి హత్తుకుని నా చెవిలో గుసగుసలాడింది. “వీళ్లని వెళ్లనీ, ఇస్తాను.”

ఛీ! ఇది మనిషేనా అనిపించింది. బ్యాగు లాక్కుని నేలమీద గుమ్మరించాను. తాళాలు, దువ్వెన, పొడి పొట్లాలు, వాటి మధ్య నీలం ఇన్‌హేలర్. చదివి చూశాను, పిల్లకి డాక్టరమ్మ రాసిన మందే. గొట్టానికి తగిలించి పిల్ల నోటికి పెట్టాను. కారులో కూడా డాక్టరమ్మ నేర్పినట్టే పీల్పిస్తూ ఆసుపత్రికి చేరాం.

అక్కడ మాస్కు పెట్టారు, ఆవిరిలా మందు పట్టించారు. బుడ్డది మెల్లగా తెప్పరిల్లి నా చెయ్యి పట్టుకుని పడుకుంది. మా ఆయన మంచం పక్కన తల దించుకుని నిలబడ్డాడు. నేను కూర్చోమనలేదు.

నా ఫోన్ మోగింది. వదిన.

“చూశావా, పొద్దున నేనిచ్చిన పొడే కాపాడింది...” ఆగి, రొప్పుతూ గొంతు తగ్గించింది. “నాది... నీ దగ్గరే ఉండిపోయింది. ఊపిరాడట్లేదు. జనం ఇంకా ఇక్కడే ఉన్నారు. తమ్ముడి చేత... గుట్టుగా పంపించవే.”

ఒక చెంచా మెగ్నీషియం వేసుకోండి వదినా అని నాలుక చివరిదాకా వచ్చింది. పిల్ల మెడ కింద గుంట వైపు చూసి మింగేశాను.

ఇన్‌హేలర్ మా ఆయన చేతిలో పెట్టాను. “పరుగెత్తండి. అందరి ముందూ ఇవ్వండి.”