ఏటవాలు మీద రెండు బళ్ళు

నా తమ్ముడి దగ్గర మోటారుసైకిలు కొనాలంటే ఒక షరతు ఉంది. కొండల్లో, మట్టిదారుల్లో తిరగడానికి కొనేవాళ్ళు ముందు బండిని నేల మీద పడుకోబెట్టి, ఎవరి సాయమూ లేకుండా లేపి నిలబెట్టాలి. లేపలేకపోతే అమ్మడు. ఈ షరతు వల్ల బేరాలు పోతూనే ఉంటాయి. "కొండ మీద పడితే లేపడానికి నేను రాను కదా" అంటాడు. అతనిది పాత బళ్ళు బాగుచేసి అమ్మే షెడ్డు. వెనక వదిలేసిన రాతి క్వారీ ఉంది. పరీక్ష అక్కడే జరుగుతుంది.

ఆ ఆదివారం పరీక్షకు వచ్చింది నా కూతురు.

మర్నాడు తను ఉద్యోగంలో చేరాలి. కొండల మీదుగా పోయే కరెంటు టవర్ల వెంట తిరిగి, ఎక్కడ చెట్టుకొమ్మ తీగలకు దగ్గరయిందో, ఎక్కడ తీగని మోసే పింగాణీ బిళ్ళ పగిలిందో చూసి రావడం పని. జీపు వెళ్ళే దారి ఉండదు. బండి ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. ఒంటరిగా వెళ్ళాలి. వాళ్ళ నాన్న చేసిన పనే అది.

ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు. కొండ దిగుతుండగా బండి జారి ఆయన కాలి మీద పడింది. తగిలిన దెబ్బ పెద్దది కాదని డాక్టరు చెప్పారు. బండి కింద నుంచి బయటపడలేకపోవడమే పెద్దదయింది. కట్టెలకు వెళ్ళినవాళ్ళు సాయంత్రం చూసేదాకా ఆయన దాని కిందే ఉన్నారు. ఇంతకంటే నేనూ తమ్ముడూ ఎవరికీ చెప్పలేదు.

ఉద్యోగం వద్దని అమ్మాయికి చెప్పి చూశాను. పోట్లాడలేదు. "మామయ్య పరీక్షలో ఓడిపోతే మానేస్తాను. గెలిస్తే నువ్వు అడ్డు చెప్పకూడదు" అంది. సరేనన్నాను. కాబట్టి నేను ఆ రోజు షెడ్డుకి వెళ్ళింది బండి ఎన్నుకోవడానికి కాదు. తను ఏ బండినీ లేపలేకపోవాలని కోరుకుంటూ వెళ్ళాను.

మేము వెళ్ళేసరికి తమ్ముడు రెండు బళ్ళనీ బయటికి తోసి పెట్టాడు. మమ్మల్ని చూసి చేతులు గుడ్డతో తుడుచుకున్నాడు.

"ఏమే కోడలా, తిని వచ్చావా, తినకుండా వచ్చావా?"

"తినే వచ్చాను. ఎందుకు?"

"లేపలేకపోతే ఆకలి మీద తోసేస్తావేమోనని."

"ముందు నువ్వు వంగి చూపించు మామయ్యా. పొట్ట అడ్డం రాకపోతే."

"నా పొట్ట జోలికి రాకు. అది మీ అత్త పెంచుకున్న ఆస్తి."

ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వినట్టే పెదవులు కదిపాను. తమ్ముడు నా వైపు చూసి నవ్వు ఆపేశాడు.

ఒకటి ఎర్రది, వెడల్పాటి ట్యాంకుతో నేలకి అతుక్కున్నట్టుంది. రెండోది తెల్లది, సన్నగా, పొడుగ్గా, ఎలుకని మింగిన పాములా మధ్యలో ఉబ్బిన సైలెన్సరుతో ఉంది. తమ్ముడు ఎర్రదాని సీటు మీద చెయ్యి వేశాడు.

"ఇది ఫోర్ స్ట్రోక్. బావ బండి లాంటిదే. బరువు. కానీ నమ్మకస్తురాలు. దిగుడులో యాక్సిలరేటర్ వదిలేస్తే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది. బావకి దిగుడంటే భయం. అందుకే ఎన్నిసార్లు చెప్పినా ఇంకోటి తీసుకోలేదు." తర్వాత తెల్లదాన్ని చూపించాడు. "ఇది టూ స్ట్రోక్. తేలిక. ఎక్కేటప్పుడు మేకపిల్లలా ఎక్కేస్తుంది. దిగేటప్పుడు మాత్రం ఇంజను పట్టు ఉండదు. వదిలేస్తే జారుడుబల్ల మీద పిల్లాడిలా పోతూనే ఉంటుంది. బ్రేకుల మీదే దిగాలి."

"అంతేగా" అంది అమ్మాయి.

"ఇంకా ఉంది. దీనికి ఆయిలు పెట్రోల్లో కలిపి పోస్తాం. పెట్రోలు లోపలికి వెళితేనే ఆయిలూ వెళుతుంది. పెద్ద దిగుడులో యాక్సిలరేటర్ మొత్తం మూసేసి ఉంచావనుకో, ఇంజను ఎండిపోయి పట్టేస్తుంది. అందుకని మధ్యమధ్యలో కొంచెం ఇస్తూ ఉండాలి."

"దిగుతూ ఉండగానా?" అన్నాను నేను.

"దిగుతూ ఉండగానే అక్కా."

ఈ రెండు ఇంజన్ల బొమ్మలు నేను ప్రతి సంవత్సరం నల్లబల్ల మీద వేస్తాను. పీల్చడం, నొక్కడం, మండడం, వదలడం. ఒకటి నాలుగు అడుగుల్లో చేసే పనిని రెండోది రెండడుగుల్లో ముగిస్తుంది. పిల్లలు తేడాలు రాసుకుంటారు, పరీక్షలో అప్పజెబుతారు. ఒకటి మనిషి మీద పడి లేవదని, రెండోది మనిషిని మోసుకుని ఆగదని ఆ తేడాల్లో ఎక్కడా లేదు.

క్వారీ అంచు నుంచి అడుగు దాకా ఒకప్పుడు లారీలు తిరిగిన ఏటవాలు దారి ఉంది. మీద అంతా సన్న కంకర. తమ్ముడు ఎర్ర బండిని దారి మొదట్లోకి నడిపించి, చక్రాలు పల్లం వైపు ఉండేలా పడుకోబెట్టబోయాడు. ఎప్పుడూ అలాగే పెడతాడు. అలా ఉంటే లేపేవాళ్ళకి వాలు కలిసివస్తుంది.

"అటు కాదు" అన్నాను. "చక్రాలు ఎగువకి పెట్టు. హ్యాండిలు దిగువకి."

"అలా పడేస్తే నేనే లేపలేను అక్కా. ఇది నా పరీక్ష కాదు."

"బావ బండి అలాగే పడింది కదా."

తమ్ముడు బండి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ సంగతి అమ్మాయికి మేము చెప్పలేదు. తను నా మొహంలోకి చూసింది, నేను కంకర వైపు చూశాను.

"అమ్మ చెప్పినట్టే పెట్టు మామయ్యా" అంది.

బండి పడుకుంది. అమ్మాయి చేతి తొడుగులు వేసుకుని దిగువకి వెళ్ళి, హ్యాండిలు పట్టుకుని, మోకాళ్ళు వంచి ఎత్తింది. బండి జానెడు లేచి మళ్ళీ కూలబడింది. వీపు ఆనించి ప్రయత్నించింది. కాళ్ళ కింద కంకర జారిపోయింది. మూడోసారి మెడ నరాలు ఉబ్బి, మొహం కందిపోయింది. బండి కదల్లేదు. నాకు లోపల ఊపిరి తేలికయింది. అది మంచి ఊపిరి కాదని నాకు తెలుసు. అయినా తేలికయింది.

"ఇది నా వల్ల కాదు" అంది తను, ఆయాసపడుతూ. "రెండోది పెట్టు."

"కాస్త కూర్చో" అన్నాడు తమ్ముడు.

"కొండ మీద కుర్చీ వేస్తారా?"

తెల్ల బండి కూడా అలాగే, చక్రాలు ఎగువకి పెట్టి పడుకోబెట్టారు. ఈసారి తను ఎత్తలేదు. చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. వెనక చక్రం దగ్గర కూర్చుని రెండు చేతులా పట్టుకుని కిందికి లాగింది. బండి ఫుట్‌రెస్టు మీద ఆనుకుని కాస్త తిరిగింది. మళ్ళీ లాగింది. కంకరలో గీత పడుతూ బండి కొంచెం కొంచెం తిరిగి, చివరికి చక్రాలు పల్లం వైపు వచ్చాయి. అప్పుడు ఎగువ నుంచి హ్యాండిలు పట్టుకుని ఒక్క ఊపున లేపేసింది.

తమ్ముడు "ఓయబ్బో" అన్నాడు మెల్లగా.

"లేపమన్నాను. తిప్పమనలేదు" అన్నాను.

"కొండ మీద ఆ మాట ఎవరు అడుగుతారమ్మా?"

క్లాసులో ఇలాంటి జవాబుకి నేను పూర్తి మార్కులు వేస్తాను.

"లేపడం అయింది" అన్నాడు తమ్ముడు. "దిగడం చూడకుండా నేను ఇవ్వను. అడుగు దాకా వెళ్ళి రా. చెప్పింది గుర్తుందిగా? వెనక బ్రేకు ఎక్కువ, ముందుది వేలితో తాకినట్టు. మధ్యలో కొంచెం ఇస్తూ ఉండు."

అమ్మాయి హెల్మెట్టు బిగించుకుంది. కిక్కు కొట్టగానే బండి నీలంపొగ వదిలి రయ్యిమంది. ఆయన బండి చప్పుడు నాకు బాగా తెలుసు. వీధి మలుపులోనే బరువుగా, నింపాదిగా వినిపించేది. ఇది అలా లేదు. ఏదో తరుముతున్నట్టు ఉంది.

తను దిగడం మొదలుపెట్టింది. మొదట్లో మధ్యమధ్య ఇంజను పలుకుతూనే ఉంది. కాస్త మోత, కాస్త మౌనం, మళ్ళీ మోత. దారి సగంలో రాళ్ళగుట్ట వెనక్కి తిరుగుతుంది. తను గుట్ట చాటుకి వెళ్ళింది. మోత తగ్గింది. మళ్ళీ వినిపిస్తుందని చూశాను. వినిపించలేదు. చక్రాల కింద కంకర గరగరలాడింది. తర్వాత ఏదో నేలకి కొట్టుకున్న చప్పుడు. దాని తర్వాత ఏమీ లేదు.

నా కాళ్ళు నన్నడక్కుండానే పరుగెత్తాయి. కంకరలో ఒకసారి కూలబడ్డాను, అరచేతులు గీసుకుపోయాయి, మళ్ళీ లేచాను. వెనక తమ్ముడు "అక్కా, మెల్లగా, అక్కా" అంటూ వస్తున్నాడు.

గుట్ట దాటగానే కనిపించింది. బండి పక్కకి పడి ఉంది. అమ్మాయి వెల్లకిలా, ఎడమ కాలు దాని కింద. హ్యాండిలు దిగువకి, చక్రాలు ఎగువకి. నేను పెట్టించినట్టే. పెట్రోలు వాసన. తను హెల్మెట్టు అద్దం పైకి తోసింది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

"దెబ్బ తగిలిందా?" అన్నాను.

"తెలీదు. బూటు ఇరుక్కుంది."

తమ్ముడు నన్ను దాటి ముందుకి ఉరికాడు. బండి మీద చెయ్యి వెయ్యబోయాడు. నేను అతని చెయ్యి పట్టుకున్నాను.

"ఆగు" అన్నాను.

"పిచ్చా నీకు? కాలు కింద ఉంది."

"చూస్తున్నాను. దాన్నే బయటపడనీ."

అతను విడిపించుకోబోయాడు. నేను వదల్లేదు. నా గోళ్ళు అతని మణికట్టులో దిగుతున్నాయని తెలుస్తూనే ఉంది. సోమవారం ఆ కొండ మీద అతను ఉండడు, నేనూ ఉండను. అక్కడ ఎలాగూ చూడలేనిదాన్ని ఇక్కడే చూడాలి. చూడలేకపోతే తనని పంపకూడదు. అంతకంటే వేరే ఆలోచన నాకు రాలేదు.

అమ్మాయి మా ఇద్దరినీ చూసింది. సాయం అడగలేదు. కుడికాలు సీటుకి తన్నిపెట్టి తోసింది. బండి రవ్వంత కదిలి మళ్ళీ కూర్చుంది. తను పళ్ళు బిగించి కళ్ళు మూసుకుంది. ఆ కాసేపూ నేను ఆయన్ని చూశాను. ఎన్నిసార్లు తన్నారో, ఎప్పుడు తన్నడం ఆపేశారో. ఇన్ని నెలలూ ఆలోచించకుండా తప్పించుకున్నదంతా ఆ కంకర మీద నా ముందుకొచ్చింది.

తను కళ్ళు తెరిచి, మోచేతుల మీద పైకి లేచింది. కాలి పక్కన కంకరని చేత్తో గోకడం మొదలుపెట్టింది. గుప్పెడు గుప్పెడుగా తీసి పక్కకి విసిరింది. కాలి కింద కొంచెం గుంట పడింది. మళ్ళీ సీటుకి తన్నింది. బండి తేలింది. బూటు బయటికొచ్చింది.

తమ్ముడు గట్టిగా ఊపిరి వదిలాడు. నేను అతని చెయ్యి వదిలేశాను.

తను లేచి నిలబడి కాలు మీద బరువు వేసి చూసుకుంది. కుంటుతూనే వెనక చక్రం దగ్గరికి వెళ్ళింది. లాగింది, తిప్పింది, లేపింది. బండి స్టాండు మీద నిలిచాక దాని ట్యాంకు మీద తల ఆనించి కాసేపు ఉంది.

"ఏమైంది?" అన్నాడు తమ్ముడు.

"భయం వేసింది. యాక్సిలరేటర్ మొత్తం మూసేశాను. వేగం తగ్గలేదు. ముందు బ్రేకు గట్టిగా పట్టేశాను."

"చెప్పానా?"

"చెప్పావు."

"ఎర్రదయితే నిన్ను పట్టుకునేది" అన్నాడు.

"పట్టుకునేది. పడితే మాత్రం లేవనిచ్చేది కాదు" అంది అమ్మాయి. తర్వాత నాతో అంది. "ఇదే తీసుకుంటానమ్మా. దిగడం నేర్చుకుంటాను. ఆ బరువు నేను ఎప్పటికీ నేర్చుకోలేను."

ఒప్పందం ప్రకారం నేను అడ్డు చెప్పకూడదు. పడింది కాబట్టి ఓడిపోయావని అనవచ్చు. ఆ మాట నాలుక దాకా వచ్చింది. తను దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు నిలబడింది.

"కాలు వంగుతోందా?" అన్నాను.

"వంగుతోంది."

"అయితే పైకెళ్ళి మళ్ళీ దిగు. ఈసారి మధ్యలో ఇస్తూ దిగు."

"ఇప్పుడేనా?" అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడే. రేపు వెళ్ళాలిగా."

అమ్మాయి హెల్మెట్టు అద్దం దించుకుని, కిక్కు కొట్టి, మా మీద దుమ్ము లేపుతూ ఎక్కేసింది. తమ్ముడు మణికట్టు రుద్దుకుంటూ పక్కకి జరిగాడు. నేను మలుపు దగ్గరే, దారికి అడ్డం కాకుండా, రాళ్ళగుట్టకి వీపు ఆనించి నిలబడ్డాను. పైన బండి వెనక్కి తిరిగింది. కాస్త మోత, కాస్త మౌనం. నేను మోత కోసం చూస్తున్నాను.